రామచిలుకకు ఆ రంగు ఎందుకు?

మైలవరం మామిడి తోటల్లో కాయ పక్వానికి వస్తూనే రామచిలుకలు గుంపులుగా దిగుతాయి. రైతులు డబ్బాలు వాయించి తోలుతారు. ఆకుల మధ్య కదలకుండా కూర్చుంటే ఏది ఆకో, ఏది చిలుకో తెలియదు! డేగ కంటబడకుండా ఆ పచ్చదనమే దానికి రక్ష.

అయితే మరో శత్రువు వుంది. ఈకలు కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతాయి. మన గోళ్ళూ, జుట్టూ అదే. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా ఈ కెరాటిన్‌ను తినేస్తుంది. ఈక చివికితే ఎగరడం కష్టం, ఒంటి వెచ్చదనం నిలవదు. అమెరికా శాస్త్రజ్ఞులు రకరకాల చిలుకల ఈకలపై ఈ బాక్టీరియాను పెంచి చూశారు. తెల్ల ఈకలు త్వరగా పాడయ్యాయి; ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఈకలు ఎక్కువకాలం నిలిచాయి. ఫలితాలు 2011లో వెలువడ్డాయి.

విచిత్రమేమంటే, చిలుక ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థమే లేదు! ఈక లోపలి సూక్ష్మనిర్మాణం నీలి కాంతిని వెదజల్లుతుంది. దానికి పసుపు రంగు పదార్థం తోడై పచ్చగా కనబడుతుంది. ఆ పసుపును చిలుక శరీరమే తయారుచేసుకుంటుంది.

పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల సంగతి వేరు. వాటి గులాబిరంగు తిండిలోని కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. జంతుప్రదర్శనశాలలో ఆ తిండి అందకపోతే వెలిసిపోతాయి. కనుక ఇలాంటి రంగు పక్షి ఆరోగ్యాన్ని కొంతవరకు చెబుతుందన్నమాట.

హౌస్ ఫించ్ అనే చిన్న పక్షి ఎరుపు కూడా కెరోటినాయిడ్లదే. 1994లో అమెరికా తూర్పు ప్రాంతంలో వీటికి మైకోప్లాస్మా వల్ల కళ్ళు వాచే జబ్బు పుట్టి, కోట్ల సంఖ్యలో చనిపోయాయి. అలబామా రాష్ట్రంలో పరిశీలించగా, బతికి బయటపడిన మగపక్షులు చచ్చిపోయిన వాటికన్నా ఎర్రగా వున్నాయి.