రాతి మీద పేరు, తెర మీద పేరు

విశాఖపట్నం దగ్గర సింహాచలం కొండ మీది ఆలయంలో వందలకొద్దీ శాసనాలున్నాయి. వాటిలో పాతవి 11వ శతాబ్దం నాటివి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించిన సంగతి కూడా అక్కడి రాతి మీద చెక్కి ఉన్నది.

చెక్కేటప్పుడు ఉలి జారి ఒక అక్షరం తప్పిపోతే ఏం చేయాలి? రాతిలో పడిన గుంటను పూడ్చలేం. చుట్టూ ఉన్న రాతినంతా లోతుగా చెక్కి, మళ్ళీ మొదలుపెట్టాలి. పలక మీద అయితే తడిగుడ్డతో తుడిచేస్తాం. కాగితం మీద కొట్టివేత మిగిలిపోతుంది.

మరి కంప్యూటరు తెర మీద ఒక బొమ్మ కింద "సింహచలం" అని పేరు పడిందనుకోండి. "హ"కు దీర్ఘం పోయింది! పేరు మీద నొక్కి, ఉన్నచోటనే దీర్ఘం పెట్టేయవచ్చు. ఇది చూడటానికి సులువే గాని, దాని వెనక పెద్ద ఉపాయమే ఉంది.

తెర మీది పేరు చీటీ నిజానికి ఒక బొమ్మలాంటిది. కంప్యూటరు దాన్ని గీసి ఊరుకుంటుంది. అందులో రాయటానికి వీలుండదు. మనం దిద్దబోతున్నామని తెలియగానే కంప్యూటరు ఆ చీటీని దాచేసి, సరిగా అదే చోట రాయటానికి వీలైన చిన్న పెట్టెను ఉంచుతుంది. పాత పేరును అందులోకి ఎక్కిస్తుంది. రెండింటిలోనూ అక్షరాలు ఒకే సైజులో, ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే పేరు ఎగిరి పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. దిద్దటం పూర్తి అయి ఎంటర్ మీట నొక్కితే కొత్త పేరు చీటీకి ఎక్కి, పెట్టె మాయమవుతుంది. మనసు మార్చుకుని ఎస్కేప్ మీట నొక్కితే పాత పేరే నిలుస్తుంది. అందుకని దిద్దటం ముగిసేదాకా కంప్యూటరు పాత పేరును పారేయకుండా జాగ్రత్తగా దాచి ఉంచాలి.

పెట్టె చుట్టూ గీత, లోపల మినుకుమినుకుమనే పుల్ల ఎందుకో తెలుసా? ఇప్పుడు మీరు నొక్కే మీటలు అక్షరాలవుతాయని చెప్పటానికి! పూర్వం ఈ గుర్తు సరిగా తెలియక చిక్కులు వచ్చేవి. 1974లో అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధనశాలలో, "బ్రావో" అనే రాతపని ప్రోగ్రాము తయారైంది. అందులో ఒక్కొక్కప్పుడు మీటలు అక్షరాలుగా కాక ఆజ్ఞలుగా పనిచేసేవి. ఎవరైనా ఆ సంగతి మరచి "ఎడిట్" అనే ఇంగ్లీషు మాటను కొడితే, మొదటి అక్షరం "అంతా ఎంచు" అనీ, రెండోది "తుడిచేయి" అనీ, మూడోది "ఇక్కడ రాయి" అనీ ఆజ్ఞలయ్యేవి. రాసినదంతా పోయి, చివరి అక్షరం ఒక్కటే మిగిలేది!

లారీ టెస్లర్ అనే ఆయనకు ఈ పద్ధతి నచ్చలేదు. ఆయన టిమ్ మాట్‌తో కలిసి "జిప్సీ" అనే ప్రోగ్రాము తయారుచేశాడు. అందులో ఎక్కడ నొక్కితే అక్కడే రాయవచ్చు. అక్షరం ఎప్పుడూ అక్షరమే. 2020లో చనిపోయిన టెస్లర్, తన కారు నంబరు పలక మీద కూడా "నో మోడ్స్" అని రాయించుకున్నాడు.

మన తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. "సింహాచలం"లో మన కంటికి సిం, హా, చ, లం అని నాలుగే అక్షరాలు. కంప్యూటరు మాత్రం స, గుడి, సున్న, హ, దీర్ఘం, చ, ల, సున్న అని ఎనిమిది గుర్తులుగా దాచుకుంటుంది. అందుకనే చివర వెనక్కి చెరిపే మీటను ఒకసారి నొక్కితే, చాలా యంత్రాలలో "లం" అంతా పోదు. సున్న మాత్రమే పోయి "ల" మిగులుతుంది. "హ" పక్కన దీర్ఘం ఒక్కటే చేర్చగలగటం కూడా ఇందువల్లనే.

ఇంత సులువుగా దిద్దగలిగితే అంతా మంచిదేనా? ఆలోచించండి. రాతిని ఎవరూ చప్పుడు కాకుండా మార్చలేరు. అందుకే ఫలానావారు ఫలానాది ఇచ్చారని రాయి చెబితే, అయిదువందల ఏళ్ళ తరువాత కూడా మనం నమ్ముతున్నాం. తెర మీది పేరును మారిస్తే మచ్చ కూడా మిగలదు. పరీక్ష మార్కుల పట్టికలో పేర్లు ఎవరు పడితే వారు దిద్దగలిగితే ఏమవుతుంది? కాబట్టి తెలివైన ప్రోగ్రాము ఏ చీటీని దిద్దవచ్చో, ఎవరు దిద్దవచ్చో ముందే నిర్ణయిస్తుంది. ముఖ్యమైనచోట పాత పేరునూ, మార్చిన తేదీనీ దాస్తుంది.

మీకు విండోస్ కంప్యూటరు అందుబాటులో ఉంటే, పెద్దవాళ్ళను అడిగి ఒక కొత్త ఫోల్డరు తెరిచి, దానికి "సింహచలం" అని పేరు పెట్టండి. దాన్ని ఎంచి, ఎఫ్2 మీట నొక్కండి. "హ" పక్కకు వెళ్ళి దీర్ఘం చేర్చండి. మొదటిసారి ఎస్కేప్, రెండోసారి ఎంటర్ నొక్కి, తేడా చూడండి. ఉలి పట్టినవాడికి దొరకని అవకాశం మీ వేలికొసకు ఎలా అందిందో మీకే తెలుస్తుంది.