గ్రాడ్యుయేట్, స్నాతకుడు, పట్టభద్రుడు: చదువు పూర్తయిందని చెప్పే ఈ మూడు మాటలు ఎలా పుట్టాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు నైరుతి అంచున, ఇంద్రావతి నదికి సమీపంలో భోపాలపట్నం ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడికే చేరుతుంది. బీజాపుర్ జిల్లాలోని ఈ పట్టణంలోనూ, సుక్మా జిల్లాలోని కొంటా పరిసరాల్లోనూ తెలుగు వాడుకలో ఉంది.

ఇంట్లో తెలుగో, దోర్లీయో, గోండీయో మాట్లాడే విద్యార్థి ఇక్కడి బడిలో హిందీలో చదువుకుంటాడు. కళాశాల చదువు ముగిసేసరికి అతనికి మూడు భాషల్లో మూడు పేర్లు వస్తాయి. ఇంగ్లిష్‌లో ‘గ్రాడ్యుయేట్’, హిందీలో ‘స్నాతక్’, తెలుగులో ‘పట్టభద్రుడు’. మూడు మాటలూ సూచించేది ఒకే అర్హతను. వాటి పుట్టుక మాత్రం వేర్వేరు. ఒకటి మెట్టు నుంచి, మరొకటి స్నానం నుంచి, ఇంకొకటి నుదుట కట్టే పట్టం నుంచి వచ్చాయి.

మెట్టు నుంచి వచ్చిన మాట

‘గ్రాడ్యుయేట్’కు మూలం లాటిన్‌లోని ‘గ్రాడుస్’. అడుగు, మెట్టు అని దాని అర్థం. మధ్యయుగాల ఐరోపా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థిని ఒక స్థాయికి చేర్చి పట్టా ఇవ్వడాన్ని దాని నుంచి ఏర్పడిన క్రియాపదంతో చెప్పేవారు. 15వ శతాబ్దం నాటికే ఈ మాట ఇంగ్లిష్‌లో వాడుకలోకి వచ్చింది.

‘డిగ్రీ’ కూడా ఇదే కుటుంబానికి చెందినది. పాత ఫ్రెంచి ద్వారా ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఈ మాటలోనూ ఉన్నది ‘గ్రాడుస్’ అనే మెట్టే. అందుకే కోణాలను, ఉష్ణోగ్రతను కొలిచే ప్రమాణానికీ, కళాశాల పట్టాకూ ఒకే పేరు ఉంది. నూరు మెట్లుగా విభజించిన కొలమానం కనుక ‘సెంటీగ్రేడ్’ అన్నారు. ప్రయోగశాలలోని కొలజాడీపై వరుసగా ఉండే గీతలను గుర్తించడాన్ని కూడా ఇంగ్లిష్‌లో ‘గ్రాడ్యుయేషన్’ అనే అంటారు.

ఈ మాట వాడుక అన్ని దేశాల్లో ఒకేలా లేదు. అమెరికాలో హైస్కూలు చదువు పూర్తయినా గ్రాడ్యుయేషనే. బ్రిటన్ సంప్రదాయాన్ని అనుసరించిన భారతదేశంలో మాత్రం విశ్వవిద్యాలయం నుంచి తొలి డిగ్రీ పొందినవారినే గ్రాడ్యుయేట్ అంటారు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల స్థాపనతో ఈ అర్థం మన దేశంలో స్థిరపడింది.

స్నానం, పట్టం

‘స్నాతక’ శబ్దానికి స్నానం చేసినవాడు అని అర్థం. గురుకులంలో వేదాధ్యయనం ముగించిన శిష్యుడు ఇంటికి మరలే ముందు జరిగే సమావర్తన సంస్కారంలో స్నానం ప్రధానమైనది. గృహ్యసూత్రాలు స్నాతకులను మూడు విధాలుగా చెప్పాయి. విద్యను మాత్రమే ముగించినవాడు విద్యాస్నాతకుడు. వ్రతాన్ని మాత్రమే ముగించినవాడు వ్రతస్నాతకుడు. రెండూ ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు.

కొన్ని తెలుగు కుటుంబాల్లో పెళ్లికి ముందు వరుడికి జరిపే స్నాతకం ఈ సంస్కారానికి గుర్తుగా మిగిలింది. విశ్వవిద్యాలయాల్లో పట్టాలు ప్రదానం చేసే వేడుకను తెలుగులో స్నాతకోత్సవం అనడమూ ఇందువల్లే.

‘పట్టభద్రుడు’ అనే మాటలో ఉన్నది పట్టం. రాజుల నుదుట కట్టే వస్త్రాన్ని లేదా బంగారు రేకును పట్టం అనేవారు. ‘పట్టాభిషేకం’, ‘పట్టం కట్టడం’ అనే వాడుకలు దాని నుంచే వచ్చాయి. ‘భద్ర’ అంటే శుభకరమైన, శ్రేష్ఠమైన అని అర్థం. గౌరవచిహ్నం పొందిన యోగ్యుడు అన్నది ఈ సమాసం ఇచ్చే భావం.

‘పట్టా’కు మరో అర్థం కూడా ఉంది. అది భూమిపై హక్కును తెలిపే పత్రం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే హక్కు పత్రాలను బస్తర్‌లోనూ పట్టాలనే అంటారు. అక్కడి ఎన్నో కుటుంబాలకు పట్టా అనగానే ముందుగా గుర్తొచ్చేది భూమే. డిగ్రీ పట్టా తరువాతి తరంతో వచ్చింది.

మాట వెంట వచ్చే హక్కులు

ఈ మాటకు చట్టంలోనూ విలువ ఉంది. రాజ్యాంగంలోని 171వ అధికరణ ప్రకారం శాసన మండలి ఉన్న రాష్ట్రాల్లో సుమారు పన్నెండో వంతు సభ్యులను పట్టభద్రులు ఎన్నుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 5, తెలంగాణలో 3 స్థానాలు ఇలాంటివి. డిగ్రీ పొంది కనీసం మూడేళ్లు గడిచినవారికే ఓటు హక్కు ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో శాసన మండలి లేదు. కాబట్టి సరిహద్దుకు ఇటువైపున్న పట్టభద్రుడికి లభించే ఈ ప్రత్యేక ఓటు అటువైపున్నవారికి లేదు. సివిల్ సర్వీసెస్ వంటి పరీక్షలకు కనీస అర్హతగా మాత్రం డిగ్రీ దేశమంతటా ఒకటే.

ఫలితాలు వెలువడినంత మాత్రాన పట్టా చేతికి అందదు. ముందుగా తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తారు. విద్యార్థి అర్హత సాధించిన 180 రోజుల్లోగా డిగ్రీ ప్రదానం చేయాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2008 నాటి నిబంధనలు చెబుతున్నాయి. స్నాతకోత్సవానికి హాజరు కాలేనివారికి పరోక్షంగా పట్టా ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

బస్తర్‌లో ఆ మెట్టు ఎంత ఎత్తు?

2011 జనగణన నాటికి బీజాపుర్ జిల్లాలో అక్షరాస్యత సుమారు 41 శాతం. అప్పటి దేశ సగటు 73 శాతం. 2005 తర్వాత సల్వా జుడుం కాలంలో జరిగిన ఘర్షణల వల్ల గ్రామాలు ఖాళీ అయ్యాయి, బడులు మూతపడ్డాయి. చదువు ఆగిపోయిన పిల్లల కోసం రహదారుల వెంట ‘పోర్టా క్యాబిన్’ ఆశ్రమ పాఠశాలలు వెలిశాయి.

ఉన్నత విద్య మరింత దూరంలో ఉండేది. 2008లో జగదల్‌పుర్ కేంద్రంగా బస్తర్ విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు ఇక్కడి కళాశాలలు రాయ్‌పుర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. జగదల్‌పుర్ నుంచి రాయ్‌పుర్‌కు సుమారు 300 కిలోమీటర్లు. బస్తర్ విశ్వవిద్యాలయానికి తర్వాత మహేంద్ర కర్మ పేరు పెట్టారు.

మధ్యలో చదువు ఆపినవారిని ఏమనాలో మూడు మాటల్లో ఏదీ చెప్పదు. పట్టం కడితే కట్టినట్టు, లేకపోతే లేనట్టు. స్నానమూ అంతే. 2020 జాతీయ విద్యావిధానం ఈ విషయంలో ఒక మార్పు తెచ్చింది. నాలుగేళ్ల కోర్సులో ఏడాది తర్వాత ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్ ఇచ్చేలా అందులో ఏర్పాటు ఉంది. ఆగినచోటి నుంచి తిరిగి మొదలుపెట్టే వీలు కూడా కల్పించారు.

ఒక విధంగా ఇది ‘గ్రాడుస్’ అనే మాట అసలు అర్థానికి దగ్గరి ఏర్పాటు. మెట్టు అన్నాక దాని కింద మరో మెట్టు ఉంటుంది, పైన ఇంకొకటి ఉంటుంది. బీజాపుర్, సుక్మా పల్లెల నుంచి తమ ఇంట్లో మొదటిసారి కళాశాలకు వెళ్తున్నవారికి పై మెట్టు కన్నా కింది మెట్టు గట్టిగా ఉండటమే ముఖ్యం. ఊళ్లో బడి తెరిచి ఉంటేనే డిగ్రీ అనే మాట వారిదాకా చేరుతుంది.