పాస్టరుగారి కుమార్తెలు కట్టిన పాట

ఆదివారం ఆరాధన ముగిసే వేళ, "ఈ వారం పుట్టినరోజు గలవారు ముందుకు రండి" అని పాస్టరుగారు పిలుస్తారు. నల్గొండ పట్టణ సంఘంలోనైనా, పాలమూరు పల్లెలోని చిన్న మందిరంలోనైనా ఇది మనం చూచేదే. ఒకరిద్దరు కృతజ్ఞతా కానుకతో లేచి వస్తారు. సంఘమంతా చప్పట్లు కొట్టి 'హ్యాపీ బర్త్‌డే టు యూ' పాడుతుంది. ఇంగ్లీషు అక్షరం ఎరుగని అవ్వ కూడా గొంతు కలుపుతుంది. ఇంతకీ ఈ పాట ఎక్కడిది?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ పట్టణం దీని పుట్టిల్లు. ప్రెస్బిటేరియన్ బోధకుడైన విలియం హిల్ గారి కుమార్తెలు మిల్‌డ్రెడ్, ప్యాటీ. అక్క సంగీత విద్వాంసురాలు, చెల్లెలు పసిపిల్లల బడిలో పంతులమ్మ. అక్క రాగం కడితే చెల్లెలు మాటలు కూర్చేది. మరునాడు బడిలో పిల్లలచేత పాడించి, వారి గొంతుకు అందని చోట మార్చేవారు. ఆ విధంగా తయారైన 'గుడ్ మార్నింగ్ టు ఆల్' 1893లో అచ్చయింది. అది పుట్టినరోజు పాట కాదు, ఉదయాన బడికి వచ్చిన పిల్లలకు చెప్పే వందనం! పుట్టినరోజు మాటలు అదే రాగానికి తరువాత చేరాయి. 1916లో మిల్‌డ్రెడ్ కన్నుమూసింది. పాట మాత్రం దేశాలు దాటింది. 1969లో అపోలో 9 వ్యోమగాములు దానిని అంతరిక్షంలోనూ పాడారు.

పిల్లల కోసం పుట్టిన పాట వ్యాపారమూ అయింది. 1935లో ఒక కంపెనీ దానిపై హక్కు నమోదు చేసుకుంది. ఇళ్లలో పాడుకునేవారిని ఎవరూ అడగలేదు గాని, సినిమాలలో వాడుకోవాలంటే రుసుము కట్టవలసి వచ్చేది. పాట మాటలపై ఆ హక్కు చెల్లదని 2015లో అమెరికా న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2016లో కోటీ నలభై లక్షల డాలర్లకు రాజీ కుదిరి, పాట అందరిదైంది.

ప్రియ పాఠకులారా, మన పల్లెలలో పెద్దలు అనేకులకు పుట్టిన తేదీ తెలియదు. బడిలో చేర్చిన నాడు పంతులుగారు వేసిన తేదీయే వారి పుట్టినరోజు. మరోవైపు, కేకు కోసం, విందు కోసం అప్పుచేసే ఇళ్లూ ఉన్నాయి. అమ్మానాన్నలు వలసపనికి పోగా అవ్వ దగ్గర పెరిగే బిడ్డ, కానుక లేదని వెనుక వరుసలోనే కూర్చుండిపోతుంది.

ఆ బిడ్డను పేరుపెట్టి పిలుద్దాము. తల్లి గర్భములోనే మనలను ఎరిగిన దేవుడు తేదీని చూడడని 139వ కీర్తన మనకు నేర్పుతున్నది. బడికి వచ్చిన ప్రతి బిడ్డకూ ప్రతి ఉదయం పాడాలని ఆ అక్కచెల్లెళ్లు కట్టిన రాగమిది. మన సంఘములో ఏ బిడ్డకూ అది అందకుండా పోకూడదు.