గ్యాసని సరిపెట్టుకోవద్దు: గ్యాస్ట్రోస్కోపీలో ఏం జరుగుతుంది?

జంషెడ్‌పూర్ పక్కనే, ఆదిత్యపూర్‌ను ఆనుకుని ఉన్న గమ్హరియా కార్ఖానాల ఊరు. ఇక్కడ సీ షిఫ్టులో రాత్రంతా మేలుకునే మనిషికి తిండికి వేళాపాళా ఉండదు. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, కడుపుబ్బరం వస్తే ‘గ్యాస్‌లే’ అనుకుని మందుల షాపులో ఒక బిళ్ళ కొనుక్కుంటాడు. నడుంనొప్పికి వేసుకునే మాత్రే పొట్టలో పుండు వేయిస్తోందేమో అన్న అనుమానం కూడా రాదు. ఇలా ఏళ్ల తరబడి ఊహల మీద బిళ్ళలు మింగడం కంటే, లోపల ఏముందో ఒకసారి చూపించుకోవడం మేలు. ఆ చూపే గ్యాస్ట్రోస్కోపీ. మన వాళ్లు మామూలుగా ఎండోస్కోపీ అంటారు.

ఈ చూపు కొత్తదేమీ కాదు. 1868లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్, కత్తులు మింగే విద్య తెలిసిన మనిషి గొంతులోకి నిటారైన లోహపు గొట్టం దించి చూశాడు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ గాజుపోగులతో వంగే గొట్టాన్ని తయారుచేసి, ముందు తానే మింగాడు. ఇప్పటి గొట్టం చిటికెన వేలంత లావు, సుమారు మీటరు పొడవు ఉంటుంది. కొసన చిన్న కెమెరా, దీపం ఉంటాయి. అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం తెరమీద స్పష్టంగా కనిపిస్తాయి.

పరీక్షకు పొట్ట ఖాళీగా ఉండాలి. కనీసం ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. పాలు కలిపిన టీ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో ఆసుపత్రివాళ్లు చెబుతారు. సీ షిఫ్టు వారంలో క్యాంటీన్ భోజనం, టీలు అడ్డొస్తాయి కనుక వేరే వారంలో తేదీ తీసుకోండి. రాత్రి బీ షిఫ్టు దిగగానే తేలిగ్గా తిని పడుకుంటే మర్నాటి ఉదయానికి పొట్ట సిద్ధంగా ఉంటుంది. షుగరు మందులు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. వాటిని సొంతంగా ఆపేయకూడదు. కట్టుడు పళ్లుంటే తీసేయాలి.

గదిలో గొంతు మొద్దుబారడానికి చేదు మందు స్ప్రే చేస్తారు. కావాలంటే మత్తు సూది కూడా ఇస్తారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. గొట్టం గొంతు దాటే కొన్ని క్షణాలే కష్టం. వాంతి వచ్చినట్టు డోకు వస్తుంది. డాక్టరు మింగమన్నప్పుడు ఒక్క గుటక వేయండి, ఆ తర్వాత మింగే ప్రయత్నం చేయకుండా లాలాజలాన్ని బయటికే కారనివ్వండి. గొట్టం పోయేది అన్నవాహికలోకి, ఊపిరి గొట్టంలోకి కాదు. ముక్కుతో నింపాదిగా గాలి పీల్చితే డోకు తగ్గుతుంది. ముడతలు విచ్చుకోవడానికి లోపలికి గాలి ఊదుతారు, అందుకే పొట్ట ఉబ్బి త్రేన్పులొస్తాయి. మొత్తం పది నిమిషాల పని.

అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీస్తారు, నొప్పి తెలియదు. ముక్క తీశారంటే క్యాన్సరేనని బెంబేలు పడనక్కర్లేదు. తరచుగా అది హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి కోసమే. ముక్కను పసుపుపచ్చని జెల్‌లో పెడితే, క్రిమి ఉంటే జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ ఆ క్రిమిని తానే తాగి, జబ్బుపడి, ఎండోస్కోపీతో తన పొట్టలోని వాపును చూపించాడు. ఆయనకూ, ఆయనతో కలిసి పనిచేసిన రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. కారం వల్ల, దిగులు వల్లే పుడతాయనుకున్న పుళ్లలో చాలావాటిని ఈ రోజు రెండు వారాల యాంటీబయాటిక్స్ కోర్సుతో నయం చేస్తున్నారు. ఎసిడిటీ బిళ్ళలు వాడుతూ ఉంటే ఈ క్రిమి పరీక్షకు దొరక్కపోవచ్చు, కాబట్టి రెండు వారాల ముందు వాటిని ఆపాలేమో డాక్టరును అడగండి.

పరీక్ష అయ్యాక గొంతు మొద్దు వదిలేదాకా నీళ్లయినా తాగొద్దు. గొంతు కాస్త గీరుకున్నట్టు ఒకటి రెండు రోజులుంటుంది. పొట్టకు చిల్లు పడటం, రక్తస్రావం లాంటి ప్రమాదాలు చాలా అరుదు. అయినా తీవ్రమైన నొప్పి, జ్వరం, రక్తపు వాంతి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మత్తు తీసుకున్నవారు జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ ఆసుపత్రి నుంచి ఖర్‌కాయ్ నది వంతెన మీదుగా మోటారు సైకిల్ తోలుకుంటూ రాకూడదు, తోడు మనిషి ఉండాలి. ఒక రోజంతా లేతు, ప్రెస్సు, క్రేను జోలికి పోకూడదు. ఆ రోజు షిఫ్టుకు సెలవు పెట్టుకోండి.

గుండెల్లో మంట ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష అక్కర్లేదు. అయితే మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయొద్దు. తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి అయితే తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి. పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ, నొప్పి బిళ్ళలతో సహా, సంచిలో వేసుకు వెళ్లి డాక్టరుకు చూపించండి.