ఇస్త్రీ పెట్టె కింద బిగిసే రెక్క

కాలేజీలో ఎన్.సి.సి. వాయు విభాగంలో చేరిన కుర్రాడు సెలవులకు ఊరొచ్చి ఇస్త్రీ పెట్టె అడుగుతాడు. చొక్కాకి కాదు, విమానం రెక్కకి! ఇంట్లో వాళ్ళకు నవ్వు రావచ్చు. కాని మోడల్ విమానాలు చేసేవారికి ఈ ఇస్త్రీయే అసలు పరీక్ష. వారాల తరబడి బ్లేడుతో కోసి, జిగురుతో అతికించిన రెక్క తిన్నగా ఎగురుతుందా, గిరికీ కొట్టి నేలకు తగులుతుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

మోడల్ విమానాల తయారీ వాయు విభాగం కేడెట్ల శిక్షణలో ఒక భాగం. అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో దీనిమీద పోటీలు కూడా పెడతారు. రెక్క చట్రాన్ని బాల్సా కర్రతో కడతారు. ఈక్వడార్ దేశం నుంచి ఎక్కువగా వచ్చే ఈ కర్ర, పెళ్ళిళ్ళలో బాసికాలు కట్టే జీలుగు బెండును గుర్తుకు తెచ్చేంత తేలిక. చేప ముల్లులా అడ్డ ముక్కలు, వాటిని కలుపుతూ పొడుగు పట్టీలు, అంతే చట్రం. దానికి చర్మం కప్పితేగాని గాలి మీద నిలవదు. ఆ చర్మమే వేడికి బిగిసే ప్లాస్టిక్ ఫిల్ము.

టెరిలిన్‌కు చుట్టమే

ఈ ఫిల్ముల్లో ఎక్కువ భాగం పాలియెస్టర్. ఒకప్పుడు పెళ్ళికొడుకులు మోజు పడి కుట్టించుకున్న టెరిలిన్ చొక్కా కూడా ఈ సరుకే. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని కనిపెట్టారు. చొక్కాకు దారంగా తీస్తే, రెక్కకు పల్చటి రేకుగా తీస్తారు. ఒక వైపు రంగు, వేడి తగిలితే అంటుకునే జిగురు పూస్తారు.

వేడికి ఎందుకు బిగుస్తుంది? డప్పు వాయించే ముందు మంట దగ్గర కాచడం ఊళ్ళో అందరూ చూసిందే. అక్కడ తోలులోని తేమ పోయి బిగువు వస్తుంది. ఫిల్ము సంగతి వేరు. తయారీలోనే దాన్ని రెండు వైపులా సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లారుస్తారు. మళ్ళీ వేడి తగలగానే అది పాత కొలతకు పోవాలని చూస్తుంది. అంచులు అప్పటికే కర్రకు అంటుకుని ఉంటాయి కనుక పోలేదు. ఆ పెనుగులాటే బిగువు.

పూర్వం ఈ సౌకర్యం లేదు. 1903లో రైట్ సోదరులు తమ విమానం రెక్కలకు నూలు బట్ట కప్పారు. ఆ తర్వాత నార బట్ట కప్పి, బిగియడానికి ‘డోప్’ అనే వార్నిషు పూసేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ డోప్ ఆవిర్లు పీల్చి బ్రిటన్ విమాన కర్మాగారాల్లో కామెర్లు వచ్చి కార్మికులు చనిపోయారు. దానిలో కలిపిన టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావకమే కారణమని తేలింది. మోడళ్ళకు పల్చటి కాగితం అంటించి డోప్ పూయడం తర్వాత కూడా చాలాకాలం సాగింది. ఇస్త్రీ ఫిల్ములు 1960లలో బజారులోకి వచ్చాయి. కాగితం తేమకు వదులవుతుంది, ఫిల్ముకు ఆ బెడద లేదు. అయినా అరచేతి వెడల్పు రెక్కలుండే చిన్న గ్లైడర్లకు కాగితమే మేలు. ఫిల్ము చదరపు మీటరుకు 60 గ్రాముల దాకా తూగుతుంది. చిన్న మోడల్‌కు అది మోయలేని బరువు.

బొగ్గుల పెట్టె పనికిరాదు

ముందు చట్రాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పొట్టు పూర్తిగా తుడవాలి. ఒక్క రవ్వ మిగిలినా ఫిల్ము కింద పొక్కులా కనిపిస్తుంది. రెక్క కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా ఫిల్ము కోసుకోవాలి. వెనకనున్న పల్చటి పొర తీసి, జిగురు వైపు కర్ర మీద పరచాలి. అడుగు భాగం ముందు, పై భాగం తర్వాత. అలా చేస్తే అతుకు పైకి కనపడదు. మొదట రెక్క మొదట్లో, కొసలో అంటించి, ముడత లేకుండా లాగుతూ ముందంచు, వెనకంచు పట్టించాలి. మధ్య భాగం జోలికి అప్పుడే పోకూడదు. తొందరపడి మధ్యలో పెట్టె ఆనిస్తే అంచులు పట్టకముందే ఫిల్ము ముడుచుకుంటుంది. ఆ ముక్క దండగే.

వేడి విషయంలో ఓపిక కావాలి. జిగురు పట్టడానికి నూరు డిగ్రీల సెంటీగ్రేడ్‌కు కాస్త అటూఇటూ చాలు. బిగియడానికి అంతకన్నా ఎక్కువ వేడి పట్టాలి. పాలీప్రొపిలీన్‌తో చేసిన రకాలూ ఉన్నాయి. వాటికి పాలియెస్టర్‌కు పెట్టినంత వేడి పెడితే బొక్క పడుతుంది. అందుకే ముందు తుక్కు ముక్క మీద పరీక్షించి, తక్కువ వేడితో మొదలుపెట్టాలి. బొగ్గుల పెట్టెకు వేడి తగ్గించే వీలు లేదు, పైగా నిప్పురవ్వలు రాలతాయి. కరెంటు పెట్టె అయినా అడుగున నూలు గుడ్డ చుట్టకపోతే ఫిల్ము మీద గీతలు పడతాయి.

మెలి పడితే

అసలు ప్రమాదం అందానికి సంబంధించింది కాదు. ఒక పక్కనే ఎక్కువసేపు కాస్తే ఆ బిగువుకు రెక్క మెలి తిరుగుతుంది. ఒక రెక్క కొసలో రెండు మూడు డిగ్రీల మెలి చాలు, విమానం పక్కకు పడిపోయి తిరగడానికి. అందుకే పైన కాసేపు, కింద కాసేపు మార్చి మార్చి కాస్తారు. మధ్య మధ్య చదునైన బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ ఆనాయా లేదా చూస్తారు. మెలి పడిందా, భయం లేదు. ఎదురు వైపుకు మెలిపెట్టి పట్టుకుని మళ్ళీ వేడి చేస్తే సరి. దీనికి రెండో మనిషి సాయం కావాలి. ఒంటిచేతి పని కాదు.

పెద్ద విమానాలకూ ఈ విద్య ఉంది. పాలియెస్టర్ బట్ట కప్పే తేలిక విమానాలకు ముందు 121, చివరికి 177 డిగ్రీల దగ్గర ఇస్త్రీ పెట్టె నడుపుతారు. అంతకు మించితే బట్ట బిగువు పోతుంది. మన దేశంలో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ చేసిన, 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్ కూడా బట్ట కప్పిన విమానమే.

ఇంజను మోడళ్ళకు మరో చిక్కు ఉంది. వాటి ఇంధనం మెథనాల్‌లో నూనె కలిపి చేస్తారు. చాలామంది వాడేది ఆముదమే. మహబూబ్‌నగర్, నల్గొండ రైతులు పండించే ఆముదం గింజల నుంచి వచ్చే నూనె లాంటిదే. ఇంజను పొగతో పాటు ఈ జిడ్డు రెక్క మీద పడుతుంది. అతుకు పైపొర అంచు ఇంజను వైపు తిరిగి ఉంటే నూనె లోపలికి దూరి జిగురు ఊడుతుంది. కనుక తోక నుంచి మొదలుపెట్టి ముక్కు వైపుగా, పెంకులు నేసినట్టు కప్పుకు రావాలి.

ఎండ సంగతి చెప్పనక్కరలేదు. రెంటచింతల వేసవిలో ముదురు రంగు రెక్కను బయట వదిలితే సాయంత్రానికి ముడతలు పడతాయి. వాటిని మళ్ళీ పెట్టెతో సరిచేయవచ్చు. చిరిగితే అదే రంగు ముక్కతో మాసిక వేయవచ్చు. అందుకే అనుభవమున్న కేడెట్లు కోసేసిన తుక్కును పారేయరు, పెట్టె అడుగున దాచుకుంటారు.