జరమొచ్చిన ఐతారం చర్చికి పోవాల్నా, ఇంట్ల ఉండాల్నా?

2021ల ఈస్టర్ పండుగ ఏప్రిల్ 4న వచ్చింది. పొద్దు పొడవకముందే మా ఊరి చర్చి నిండింది. రేకుల షెడ్డు, ఉన్నయే రెండు కిటికీలు. మైకు సప్పుడు బయటికి పోతే పక్కింటోళ్లు లొల్లి వెడ్తరని అవి గూడ మూసిన్రు. నేను డోలక్ వాయించెటోన్ని. ఆ పొద్దు నాకు గొంతు గరగర, ఒళ్లు జర వెచ్చగుండె. పండుగ నాడు డోలక్ లేకుంటె ఎట్ల అని పోయిన. రెండు గంటలు అందరం గొంతెత్తి పాడినం. తర్వాత ఒక్క కాడ కూసొని తిన్నం.

వారం తిరగకముందే మా వాడల ఇంటికొకలు మంచం పట్టిన్రు. మా నాయనమ్మ పదకొండో రోజు పోయింది. ఆ రోగం నా నుంచే వచ్చిందా, ఇంకొకల నుంచి వచ్చిందా, ఇయ్యాల్టి దనుక తెల్వది. తెలుసుకునే తొవ్వ గూడ లేదు. ఒక్కటైతే తెలుసు. ఆ పొద్దు నేను ఇంట్ల ఉండాల్సింది.

కరోనా పోయింది గద, ఇప్పుడెందుకీ ముచ్చట అంటరా? రోగాలు పోలే. సలికాలంల ఫ్లూ, వానకాలంల వాంతులు విరేచనాలు, పిల్లలకు తట్టు, ఏడాది పొడుగుత టీబీ మన ఊర్లల్లనే ఉన్నయి. రేపు ఇంకేదన్న కొత్తది రావచ్చు. అప్పుడు చర్చిల అందరం మంచిగుండాలంటె ఏం చెయ్యాలెనో ఇప్పుడే తెలుసుకునుడు మంచిది.

చర్చిలనే ఎందుకు జల్ది అంటుకుంటది?

అంగడిల గూడ జనం ఉంటరు గద అని అడుగుతరు. ఉంటరు, కని అంగడి ఆరుబైట. ఒకల పక్కన ఒకలం రెండు నిమిషాలు నిలవడి పోతం. చర్చిల అట్ల కాదు. మూసిన గదిల, గంటల తరబడి, మోకాలుకు మోకాలు ఆనిచ్చి కూసుంటం. ముసలోళ్లు, సంటిపిల్లలు అందరూ ఒక్క కాడ. పైంగ గట్టిగ పాడుతం. మామూలుగ మాట్లాడినప్పటికంటె పాడినప్పుడు నోట్లకెళ్లి సన్నటి తుంపర ఎక్కువ వస్తది. అండ్ల పెద్ద సుక్కలు కింద పడిపోతయి. కండ్లకు కనవడని సన్నయి పొగ లెక్క గాలిల తేలుతయి.

2020 మార్చిల అమెరికాల ఏమైందో సూడున్రి. వాషింగ్టన్ రాష్ట్రంల స్కాజిట్ వ్యాలీ అనే కాడ ఒక పాటల బృందం ఉన్నది. మార్చి 10న 61 మంది ఒక చర్చి హాల్ల రెండున్నర గంటలు పాటలు సాధన చేసిన్రు. చేతులకు శానిటైజర్ రాసుకున్నరు, అలాయ్ బలాయ్ తీసుకోలే. కని అండ్ల ఒకలకు సర్ది లెక్క ఉండె. 53 మందికి రోగం వచ్చింది, ఇద్దరు సచ్చిపోయిన్రు. చేతులు శుభ్రంగనే ఉన్నయి, రోగం గాలిల ఉన్నది.

అదే నెల ఆర్కాన్సా రాష్ట్రంల ఒక పల్లెటూరి చర్చిల మార్చి 6 నుంచి 11 దాంక జరిగిన కూటాలకు 92 మంది వచ్చిన్రు. 35 మందికి కరోనా తేలింది, ముగ్గురు పోయిన్రు. అంతటితోని ఆగలే. ఆ చర్చి వాళ్ల నుంచి బయట ఇంకో 26 మందికి అంటింది, వాళ్లల్ల ఒకలు పోయిన్రు. పాస్టరుకు, ఆయన ఇంటామెకు గూడ రోగం వచ్చింది. జనం పండుడు సూసి ఆ పాస్టరే చర్చి బంద్ వెట్టిండు. దీంట్ల మనకు తెలిసేది ఏందంటె, చర్చిల అంటిన రోగం చర్చి గోడల లోపల ఉండదు. చర్చికి రాని ఎదురింటి ముసలామె దాంక పోతది.

ఏ రోగం ఏ తొవ్వల వస్తది?

అన్ని రోగాలకు ఒక్కటే ఉపాయం పనిచెయ్యది. ముందుగాల తొవ్వ తెల్వాలె.

ఒకటి, గాలి తొవ్వ. కరోనా, ఫ్లూ, తట్టు, టీబీ గాలిల వస్తయి. తట్టు అయితె రోగమున్న పిల్లగాడు లేసిపోయినంక గూడ రెండు గంటల దాంక ఆ గదిల గాలిల ఉంటది. వీటికి మందు గాలి వెలుతురు, మాస్కు, జరమున్నోళ్లు ఇంట్ల ఉండుడు. తట్టుకు టీకా ఉన్నది. 9 నెలలు నిండినంక ఒకటి, 16 నుంచి 24 నెలల నడుమ ఇంకొకటి. రెండూ ఏపిచ్చినమా లేదా, కార్డు తీసి సూసుకోవాలె.

రెండు, నోటి తొవ్వ. కలరా, టైఫాయిడ్, ఒక రకం పసరికలు, వాంతులు విరేచనాలు నీళ్లల్ల, బువ్వల, కడగని చేతులల్ల వస్తయి. ఈడ మాస్కు కట్టుకుంటె ఏం రాదు. సబ్బు, కాగబెట్టిన నీళ్లు కావాలె. కడుపుల రోగాల కాడ శానిటైజర్ మీద భరోసా వెట్టుకోవద్దు, సబ్బుతోని 20 సెకన్లు రుద్ది కడుగుడే మేలు.

మూడు, దోమ తొవ్వ. డెంగీ, మలేరియా మనిషి పక్కన కూసుంటె రావు. చర్చి ఎనక మూత లేని డ్రమ్ము, పాత టైరు, పూలకుండీల కింది పళ్లెం సూడున్రి. వారానికొకసారి ఆ నీళ్లు పారవోస్తె సగం పని అయినట్టే.

కిటికీ తెరుసుడు పెద్ద పని

ఊరి చర్చిల మనం చేసుకోగలిగేది, పైస ఖర్చు లేనిది ఇదే. ఎదురెదురుగ ఉన్న కిటికీలు, తలుపులు ఆరాధనకు అరగంట ముందుగాల తెరవాలె, అయిపోయేదాంక మూయొద్దు. పైన పంకా తిరుగుతుంటె గాలి మారుతున్నదని అనుకుంటం. కిటికీలు మూసి పంకా వేస్తె ఉన్న గాలే తిరుగుతది, కొత్త గాలి రాదు. టేబుల్ పంకా ఉంటె కిటికీ కాడ బయటి దిక్కు మొఖం పెట్టున్రి, లోపలి గాలిని బయటికి నూకుతది. ఏసీ ఉన్న చర్చిలల్ల గూడ ఇదే ముచ్చట. చల్లదనం వేరు, కొత్త గాలి వేరు.

రోగం ఎక్కువున్న రోజులల్ల యాపచెట్టు కిందనో, శామియాన కిందనో పెట్టుకుంటె ఇంక మంచిది. కని శామియానకు నాలుగు దిక్కుల పరదాలు కడితె అది మళ్లా గదే అయితది. జనం ఎక్కువుంటె ఒక్క ఆరాధనను రెండు చెయ్యున్రి, నడుమ జర సేపు తలుపులు బార్ల తెరిచి పెట్టున్రి. రెండున్నర గంటల కూటాన్ని ముప్పావు గంటకు తగ్గియ్యొచ్చు. రాత్రంత ప్రార్థనలు ఆ నెల ఆపుకుంటె ఏం కాదు. పాటలు తక్కువ, మెల్లగ పాడున్రి. పాడెటోళ్లు ఒకల మైకు ఇంకొకలు నోటి కాడ పెట్టుకోవద్దు.

బల్ల, వందనం, విందు

ప్రభు బల్ల కాడ ఒక్క గిన్నెల అందరూ తాగే రివాజు కొన్ని చర్చిలల్ల ఉన్నది. అంచు తుడిసినంత మాత్రాన ఎంగిలి పూర్తిగ పోదు. రొట్టెను గిన్నెల ముంచుకునే కాడ గూడ ఏలు తగులుతది. శాన సంఘాలల్ల ఇప్పటికే చిన్న చిన్న గిలాసలు వాడుతున్నరు. అవి వేడి నీళ్లల్ల సబ్బుతోని కడిగి ఆరవెట్టాలె. రొట్టె ముందుగాలనే ముక్కలు చేసి పెట్టాలె. పంచెటాయిన చేతులు కడుక్కొని, మాస్కు కట్టుకొని పంచాలె.

వందనాలు చెప్పే కాడ మనకు తిప్పలే లేదు. రెండు చేతులు జోడిచ్చి "వందనాలు" అంటం, అదే సాలు. తల మీద చెయ్యి వెట్టి ప్రార్థన చేసే కాడ రెండడుగుల దూరంల నిలవడి చెయ్యి చాపినా ప్రార్థన ప్రార్థనే.

విందుల కాడ ఒక్కటే గట్టి కట్టుబాటు ఉండాలె. విరేచనాలు అయినోళ్లు తగ్గినంక రెండు రోజుల దాంక వంట దిక్కు రావద్దు, వడ్డియ్యొద్దు. కూర పొద్దుగాల వండి మాపటికి పెట్టొద్దు. బిందెల గిలాస ముంచి తాగొద్దు, నల్లా ఉన్న డ్రమ్ము పెట్టున్రి. బయట చేతులు కడిగే కాడ సబ్బు ఉండాలె. తాడుకు సబ్బు కట్టి ఏలాడదీస్తె ఎవ్వలూ ఎత్కపోరు.

రాకపోవుడు పాపం కాదు

అన్నిటికంటె కష్టమైన పని ఇది. జరమొచ్చిందని ఇంట్ల ఉంటె "విశ్వాసం లేదు" అంటరేమో అని భయం. నేను ఆ ఈస్టర్ పొద్దున పోయింది గూడ ఆ భయంతోనే. అందుకే ఈ మాట పాస్టరు నోటి నుంచే రావాలె. "జరం, దగ్గు, విరేచనాలు ఉన్నోళ్లు ఇంట్ల ఉండున్రి, మీ తరఫున మేం ప్రార్థన చేస్తం" అని ప్రతి ఐతారం అనౌన్స్ చెయ్యాలె. పాస్టరుకే జరమొస్తె ఆయన గూడ ఇంట్ల ఉండాలె. ఆయన వాక్యం చెప్పనీకి ఇంకొకల్ని ముందుగాలనే తయారు చేసుకోవాలె.

విశ్వాసం ముచ్చట తీస్తె బైబిల్లనే జవాబు ఉన్నది. లేవీయకాండం 13వ అధ్యాయంల యాజకుడు రోగిని సూసి, ఏడు రోజులు వేరుగ ఉంచి, మళ్లా సూడాలె అని ఉంటది. 1527ల జర్మనీ దేశం విట్టెన్‌బర్గ్ పట్నంల ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు ఇడిసి పోలే, రోగుల సేవ చేసిండు. ప్లేగు గురించి ఉత్తరం గూడ రాసిండు. అవసరమున్న కాడికి పోవాలె, అవసరం లేని కాడికి పోయి రోగం అంటిచ్చొద్దు, మందులు వాడాలె అని దాని సారం. అంటె దేవుని మీద నమ్మకం, రోగం మీద జాగ్రత్త ఒకదానికొకటి అడ్డం కావు.

జరం ఎప్పుడు తగ్గినట్టు? ఫ్లూ అయితె గోలి వేసుకోకుండ 24 గంటలు జరం రాకపోతె అప్పుడు బయటికి రావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితె తెమడ పరీక్ష చేపిచ్చాలె, సర్కారు దవాఖాన్ల పైసలు తీసుకోరు. టీబీ తేలితె మామూలుగ ఆరు నెలలు మందు వాడాలె. మందు గూడ ఉట్టిగనే ఇస్తరు, తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాల వేస్తరు. ప్రార్థన చేపిచ్చుకున్న, మంచిగైంది అని నడుమల గోలీలు ఆపొద్దు. ఆపితె ఆ రోగం మందుకు లొంగకుండ అయితది, ఇంట్లోళ్లకు గూడ అదే మొండి రోగం అంటుతది. ప్రార్థన చేసుకున్రి, గోలి గూడ మింగున్రి.

పేరు పెట్టి మాట్లాడొద్దు

"ఫలానోళ్ల ఇంటి నుంచే వచ్చింది" అనే మాట రోగం కంటె జోరుగ పోతది. అట్లంటె ఏమైతది? రేపు జరమొచ్చినోడు దాసిపెడ్తడు. దాస్తె అందరికీ అంటుతది. 2020ల ఈ దేశంల రోగానికి మతం పేరు వెట్టుడు సూసినం. అది ఎవ్వల మీద వడ్డా తప్పే.

మన నేల మీద వేరే తీరు చరిత్ర గూడ ఉన్నది. కుష్టు రోగుల్ని ఊరు బయటికి ఎళ్లగొట్టే రోజులల్ల, నిజామాబాద్ దిక్కు డిచ్‌పల్లిల డాక్టర్ ఇసబెల్ కెర్ వాళ్ల కోసమే దవాఖాన నడిపిచ్చింది. మెదక్ చర్చి కట్టింది గూడ కరువుల పని లేనోళ్లకు పని, బువ్వ దొరకాలెననే అని పెద్దలు చెప్తరు. కష్ట కాలంల చర్చి పని జనాన్ని బతికిచ్చుకునుడు.

మనం చేసే పని

తమ్మీ, చెల్లే, ఇండ్ల మీ పని శాన ఉన్నది. చర్చిల ముసలోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కుల రాయున్రి. ఇద్దరిద్దరు పంచుకొని వారానికి రెండుసార్లు ఫోన్ చెయ్యున్రి. స్మార్ట్ ఫోన్ లేని అవ్వకు మామూలు కాల్ కలిపి పాట, వాక్యం వినిపియ్యున్రి. ఇంట్ల ఉన్న రోగికి మందులు, కూరగాయలు తెచ్చి గడప కాడ పెట్టి పిలువున్రి. విరేచనాలైతె ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటర్ మంచినీళ్లల్ల కలిపి తాపాలె. ఊపిరి ఆడకపోతె, మనిషి తెలివి తప్పితె ఆగొద్దు, 108కి కొట్టున్రి. ఆశా అక్క నంబర్ చర్చి గోడ మీద పెద్దగ రాయున్రి. వాట్సాప్ల వచ్చిన మందును ఆమెను అడగకుండ ఫార్వర్డ్ చెయ్యొద్దు.

మా చర్చికి ఇప్పుడు ఆరు కిటికీలు ఉన్నయి. యూత్ అందరం పైసలేసుకొని నాలుగు కొత్తయి పెట్టిచ్చినం. మొన్న సలికాలంల నాకు మళ్లా జరమొచ్చింది. పాస్టరుకు ఫోన్ చేసి "అయ్యగారూ, ఈ ఐతారం నేను వస్తలేను" అన్న. "మంచిపని చేసినవ్ బిడ్డా, పండుకో" అన్నడు. ఆ ఐతారం డోలక్ లేకుండనే చప్పట్లు కొట్టుకుంట పాడిన్రట.