ఇంజిన్ల సీస పోస్తె మైలేజి పెరుగుతదా?

మొన్న ఎండకాలంల మా అక్క కొడుకు బండి ఏసుకోని ఇంటికొచ్చిండు. పోరడు హైదరాబాద్‌ల ఫుడ్ డెలివరీ చేస్తడు. దినాం 120 కిలోమీటర్లకు తక్కువ తిరుగడు. "మామా, బండి గుంజుతలేదు. రేజ్ ఇస్తె మోత వస్తుంది గని ముందుకు పోతలేదు" అన్నడు. నేను ఎక్కి గల్లీల అటు ఇటు తిప్పి చూసిన. క్లచ్ జారుతుంది. ప్లేట్లు మార్చి ఏడాది సుత కాలే. ఏం చేసినవ్‌ర అని అడిగితె మెల్లగ చెప్పిండు. ఓ స్పేర్ పార్ట్స్ దుకాణంల చిన్న సీస అంటగట్టిన్రట, 450 రూపాయలు. ఇంజిన్ ఆయిల్‌ల కలిపితె మైలేజి 20 శాతం పెరుగుతదని సీస మీదనే రాసి ఉన్నది.

వాన్ని తిట్టబుద్ధి కాలే. వాని దిక్కుకెల్లి లెక్క చూడుండ్రి. బండి లీటరుకు 50 ఇస్తదనుకుంటె 120 కిలోమీటర్లకు 2.4 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన దినానికి 257 రూపాయలు. నెలకు 26 దినాలు తిరిగితె 6,600 రూపాయలు దాటుతది. మైలేజి నిజంగనే 20 శాతం పెరిగితె నెలకు 1,100 మిగులుతయి. 450 పెట్టి నెల నెల 1,100 మిగులుతయంటె ఎవలు కొనరు? పెట్రోల్ పైసలు జేబులకెల్లి కట్టుకునేటోళ్లనే గీ సీసలు ఎక్కువ పట్టుకుంటయి. అందుకే ఈ ముచ్చట జర ఇప్పి చెప్పాలె అనిపించింది.

ముందుగాల ఆయిల్ ఏం చేస్తదో చూద్దాం. ఎనకట ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేటోళ్లు. ఆముదంల కాల్చిన గడ్డి మసి కలిపి, గొట్టంల దాసుకోని, దూరం పోయేటప్పుడు బండికి ఏలాడదీసేటోళ్లు. కందెన లేకుంటె ఇరుసు కూసుడు షురూ అయితది, అటెంక అరుగుతది. ఇంజిన్‌ల ఆయిల్ పని సుత గదే, గని పద్ధతి వేరు. క్రాంకు తిరుగుతుంటె ఆయిల్ బేరింగుల నడ్మ పొరలెక్క చేరి ఇనుమును ఇనుముకు తగలనియ్యది. బండి జోరు మీద ఉన్నప్పుడు ఆ లోహాలు అసలు ఒకదాన్నొకటి ముట్టయి, ఆయిల్ మీద తేలుతుంటయి. ముట్టేది ఎప్పుడంటె, పొద్దుగాల స్టార్ట్ చేసిన మొదటి క్షణాలల్ల, పిస్టన్ పైకి పోయి ఆగి ఎనుకకు మళ్లే జాగల, క్యామ్ షాఫ్ట్ మీద. అక్కడ పొర పల్చగైతది, ఇనుము ఇనుమును గీరుతది. (ఆముదం ముచ్చట వచ్చింది గనుక ఒక మాట. క్యాస్ట్రాల్ అనే పేరు క్యాస్టర్ ఆయిల్ కెల్లి, అంటె ఆముదం కెల్లే వచ్చింది. మన పాలమూరు, నల్లగొండ చెల్కలల్ల పండే పంటనే.)

గా గీరే జాగలల్ల కాపాడెతందుకు ఆయిల్ కంపెనీలు డబ్బలనే మందులు కలిపి పంపుతయి. శానామందికి ఎరుక లేనిది గిదే. మీరు కొనే డబ్బ ఉత్త నూనె కాదు. మూల నూనెల పదిశాతం కెల్లి ఇరవై శాతం దాకా రకరకాల మందులు ఉంటయి. మసి ముద్దగట్టకుంట ఇడదీసేది ఒకటి, ఆమ్లాన్ని సంపేది ఒకటి, నురగ రాకుంట చూసేది ఒకటి, వేడికి ఆయిల్ నీళ్లలెక్క కాకుంట పట్టుకునేది ఒకటి. అన్నిట్ల ముఖ్యమైనది జింకు, ఫాస్ఫరస్ ఉన్న మందు. జెడ్‌డీడీపీ అంటరు. 1940ల కెల్లి వాడుతున్నరు. వేడి, ఒత్తిడి తగిలిన జాగల ఇది ఇనుము మీద అద్దం లాంటి పొర కడతది. వెంట్రుకను నిలువుగ కొన్ని వందల ముక్కలు చీలిస్తె ఎంత మందం ఉంటదో గంతే మందం. ఇనుముకు బదులు ఆ పొర అరుగుతది, మళ్ల కట్టుకుంటది.

ఇగ ఆ పొర కట్టేతందుకు మందులన్ని ఇనుము మీద జాగ కోసం కొట్లాడుతయి. కడిగే మందు ఎక్కువైతె కాపాడే మందుకు జాగ దొరకది. కంపెనీలు నెలల తరబడి ఇంజిన్లు నడిపి చూసి ఏది ఎంత ఉండాలెనో తూకం పెడ్తయి. మనం మీదికెల్లి ఇంకో సీస పోసుడంటె, వండిన కూరల రుచి చూడకుంట ఇంకో పిడికెడు ఉప్పు ఏసుడే.

20 శాతం మాట నిజమయ్యేదా కాదా, లెక్క కట్టి చూద్దాం. వంద రూపాయల పెట్రోల్ కాలుస్తె ముప్పావు వంతు వేడి రూపంల సైలెన్సర్‌లకెల్లి, ఇంజిన్ మీదికెల్లి పోతది. ఇంజిన్ లోపట రాపిడికి పోయేది దగ్గరదగ్గర పది రూపాయలు. రాపిడిల ఒక రూపాయి మిగిలిస్తె దానితోని పాటు ఉత్తగ పోయే వేడి సుత కొంత మిగులుతది కాబట్టి, పెట్రోల్‌ల రెండున్నర రూపాయల దాకా కలిసొస్తది. గింత ఉదారంగ లెక్కేసినా మైలేజి 20 శాతం పెరగాలంటె పది రూపాయల రాపిడిల ఆరున్నర మాయం కావాలె. మాయమైతదా? కాదు. ఎందుకంటె ఆ రాపిడిల ఎక్కువ భాగం ఇనుము గీసుకునుడు కాదు, ఆయిల్ తన సొంత చిక్కదనాన్ని తాను గుంజుకపోవుడు. దాన్ని తగ్గియ్యాలంటె పల్చటి ఆయిల్ పోయాలె. కంపెనీలు చిక్కటి ఆయిల్ ఇడిసి పల్చటి గ్రేడుకు వచ్చి ఒకటి రెండు శాతం మిగిలిస్తెనే గొప్ప అనుకుంటయి. 450 రూపాయల సీస వాళ్లను పదింతలు మించుతదా?

మావోని క్లచ్ ఎందుకు జారింది? మన దిక్కు గేర్ల బండ్లల్ల, స్ప్లెండర్ అసోంటియి, క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లనే మునిగి ఉంటయి. ఇంజిన్‌ల జారాలె, క్లచ్ కాడ పట్టాలె. ఒకే నూనె రెండు పనులు చెయ్యాలె. అందుకే జపానోళ్లు జాసో అని కొలత పెట్టిన్రు. గేర్ల బండి ఆయిల్ డబ్బ మీద ఎంఏ అని గాని ఎంఏ2 అని గాని ఉంటది, అంటె క్లచ్‌ను జారనియ్యది అని. గేర్లు లేని స్కూటర్ల క్లచ్ ఆయిల్‌ల మునగది, బయట పొడిగ ఉంటది. వాటికి ఎంబీ అని వేరే రకం. గీ మైలేజి సీసలల్ల శానా వాటిల మాలిబ్డినం అసోంటి జారుడు మందు ఉంటది. అది పిస్టన్‌ను, ప్లేటును వేరువేరుగ చూడది, రెండిటిని జారిస్తది. కార్ల ఆయిల్ అగ్వకు దొరికిందని బండ్ల పోసినా గిదే కథ. డబ్బ మీది గుండ్రటి ఏపీఐ ముద్రల కింద రిసోర్స్ కన్సర్వింగ్ అని ఉంటె అది కారుకే.

ఓసారి ఎగ్జిబిషన్‌ల నేను సుత నోరు తెరుచుకోని చూసిన. చిన్న మిషన్ పెట్టి ఇనుప చక్రం తిప్పుతున్నరు. దాని మీద బేరింగు ముక్కను కట్టెతోని అదిమితె మామూలు ఆయిల్‌ల కీచుమని చక్రం ఆగిపాయె. వాళ్ల మందు రెండు చుక్కలు ఏసి ఎంత అదిమినా ఆగలే. జనం చప్పట్లు. తర్వాత చదివితె అర్థమైంది. క్లోరిన్ ఉన్న నూనెలకు ఆ గుణం ఉంటది, గట్టి ఒత్తిడిల ఇనుము మీద పొర కడతది. లేత్ మిషన్ల మీద ఇనుము కోసేటప్పుడు గదే వాడుతరు. గని బండి ఇంజిన్‌ల గట్ల ఒక్క చుక్క మీద ఇనుమును ఇనుముతోని అదిమే జాగ ఉండది. పైగా వేడికి, తేమకు క్లోరిన్ ఆమ్లమై బేరింగులను తినే కతర ఉన్నది.

ఈ దందా మన కాడ కొత్తగ పుట్టింది కాదు. అమెరికాల స్లిక్ 50 అని ఒక మందు లచ్చల సీసలు అమ్ముడుపోయింది. అరుగుడు సగానికి తగ్గుతదన్నరు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996ల, రుజువు ఏది అని కేసు పెట్టింది. 1997ల కంపెనీ రాజీకి వచ్చి, సాక్ష్యం లేకుంట గట్ల చెప్పమని ఒప్పుకున్నది. డ్యూరా ల్యూబ్ మీద 1999ల కేసు. దాంట్ల క్లోరిన్ లేదని చెప్పుడు సుత అబద్ధమే అన్నది కమిషన్. 2000ల రాజీ అయి 20 లచ్చల డాలర్లు కట్టిన్రు. ఇంజిన్ పని తెలిసినోళ్లు ఉన్న దేశంలనే గంత నడిచింది.

2020 ఏప్రిల్ కెల్లి వచ్చిన బీఎస్6 బండ్లకు ఇంకో తిప్పలు. సైలెన్సర్‌ల పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటది. ఆయిల్‌లకెల్లి పోయే ఫాస్ఫరస్ దాని మీద పేరుకుంటె అది పని చెయ్యది. అందుకే కొత్త రకం పల్చటి కార్ల ఆయిళ్లల్ల ఫాస్ఫరస్ 0.08 శాతం దాటొద్దని హద్దు పెట్టిన్రు. డీజిల్ కార్లల్ల మసిని పట్టే జాలి ఉంటది. మసిని కాల్చుకుంటది గని ఆయిల్ మందులల్లని లోహాల బూడిద కాలది, జాలిల నిండుకుంటది. జింకు ఎక్కువుంటె మంచిదే గద అని సీస పోసుకునేటోళ్లు గిది యాదికి పెట్టుకోవాలె. కన్వర్టర్ మార్చుడు మస్తు పిరం.

మరి అన్ని సీసలు అబద్ధమేనా అంటె, కాదు. పెట్రోల్ ట్యాంకుల పోసే కొన్ని మందులు ఇంజెక్టర్ల మీది మడ్డిని నిజంగనే కడుగుతయి. మడ్డి పట్టి ఉంటె బండి మళ్ల మొదటిలెక్క నడుస్తది, అంతకు మించి రాదు. పాత కాలపు ఇంజిన్లకు జింకు తక్కువున్న కొత్త ఆయిల్ పోస్తె క్యామ్ అరుగుతది, వాటికి జింకు మందు పనికొస్తది. ఇంకో రకం ఉన్నది, పొగ ఆపే మందు. ఆయిల్‌ను చిక్కగ చేసి అరిగిన రింగుల పక్కకెల్లి ఆయిల్ పైకి రాకుంట కొన్ని దినాలు ఆపుతది. దీన్ని ఎక్కువ వాడేది బండి అమ్మేటోళ్లు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ సల్లగున్నప్పుడే పోయి, మీ ముందటనే స్టార్ట్ చేపించుండ్రి.

అయినా పోసినోళ్లు "నాకు ఫరక్ కనిపించింది" అంటరు. అబద్ధమాడరు వాళ్లు. సీస ఎప్పుడు పోస్తరు? ఆయిల్ మార్చినప్పుడు. కొత్త ఆయిల్‌కే బండి నిమ్మళంగ నడుస్తది. పైసలు పెట్టినం కాబట్టి నాలుగు దినాలు పైలంగ నడుపుతం. నేను నా బండి మీద ఏమీ పొయ్యకుంట ఆరు ట్యాంకులు రాసి పెట్టిన. తక్కువల తక్కువ 46, ఎక్కువల ఎక్కువ 53. గాలి, ట్రాఫిక్, ఎనుక కూసున్న మనిషి బరువు, గంతే ఫరక్. 46 వచ్చిన వారం సీస పోసి ఉంటె, 53 వచ్చిన వారం నేను సుత పదిమందికి చెప్పేటోన్ని.

మావోని బండికి ఆ ఆయిల్ తీసేసి ఎంఏ2 ఆయిల్ పోసినం. రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపినంక అది సుత తీసేసి మళ్ల కొత్తది పోసినం. కొందరి బండ్లు గింతతోనే సక్కగైతయి. వీనిది సదును మీద నడిచింది గని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు జారుడు పోలే. ఆఖరికి ప్లేట్లు మార్చుడే అయింది. కూలితోని కలిసి 1,700, రెండు దినాల సంపాదన అదనం.

ఇప్పుడు వాడు పైసలు కాని పనులే చేస్తుండు. వారానికోసారి సల్లటి టైర్లల్ల గాలి చూపిస్తడు. గాలి ఒక్కొక్క పాయింట్ తగ్గినకొద్ది దగ్గరదగ్గర 0.2 శాతం మైలేజి పోతదని అమెరికా ఇంధన శాఖ లెక్క, పది పాయింట్లు తగ్గితె 2 శాతం. గొలుసు ఎండకుంట చూస్తడు. ఎనుక బ్రేకు పట్టుకపోతుందా అని చక్రం ఎత్తి తిప్పి చూస్తడు. పెద్ద సిగ్నల్ కాడ ఇంజిన్ బందు పెడ్తడు. రోడ్డు కాళీగున్నా 50 దాటుత లేడు. 45 కెల్లి 55 నడ్మల పెట్రోల్ బాగ మిగులుతదని కేంద్రం పీసీఆర్‌ఏ ఎన్నో ఏండ్ల సంది చెప్తున్న మాటనే. మైలేజి కొలిసేది సుత నేర్పిన. ఒకే బంకుల నాజిల్ ఆగేదాక ట్యాంకు నింపాలె, మీటరు రాసుకోవాలె, మళ్ల గదే బంకుల గట్లనే నింపి ఎన్ని లీటర్లు పట్టిందో భాగియ్యాలె, మూడు ట్యాంకుల సగటు తియ్యాలె. వాని ఫోన్‌ల పోయిన మూడు ట్యాంకులు గిట్ల ఉన్నయి: 51, 49, 52.